ఎర్రమ్మ విగ్రహం నేర్చిన మాటలు

ఊరూరా మాట్లాడే విగ్రహాలు వెలిశాక, చేపలరేవు ఆడవాళ్లు పోరాడి తమ ఎర్రమ్మకూ ఒకటి పెట్టించుకున్నారు. వలల తగాదాలో రెండూళ్ల మగవాళ్లు కత్తులు పట్టిన రోజున, ఆడవాళ్లను వెంటేసుకుని వాళ్ల మధ్యన బైఠాయించింది ఎర్రమ్మే.

విగ్రహం మాత్రం, "నేను అప్పన్నగారి భార్యను. శాంతి చర్చలకొచ్చిన పెద్దలకు చేపల పులుసు వండిపెట్టాను," అంది.

"రికార్డుల్లో అంతే ఉందమ్మా. జనం చెప్పేకొద్దీ నేర్చుకుంటుంది," అన్నాడు విగ్రహాన్ని అమర్చడానికి వచ్చిన అధికారి.

"పులుసేటి బాబూ! మేం నేర్పుతాం," అంది ఆనాడు ఎర్రమ్మ పక్కన కూర్చున్న నూకాలు. ఆడవాళ్లు రోజూ గంపలు దించి, జరిగింది జరిగినట్టు విగ్రహానికి చెప్పారు.

ఆవిష్కరణకు వచ్చిన ఎమ్మెల్యే దండ వేసి, "ఆ రోజు శాంతి కోసం నేనూ ఈ తల్లి పక్కనే కూర్చున్నాను," అన్నాడు.

విగ్రహం తల తిప్పింది. "నువ్వెక్కడ కూకున్నావు బాబూ? ఆ కత్తులు పంచినోడివి నువ్వే కదేటి!"