సముద్రం ప్రశ్నలు వరహాలుకే

"ఫైబరు బోటు తిరగబడి మనిషి గల్లంతైతే ఏ ఒడ్డున వెతకాలి? అప్పికొండ తీరానికి ఎదురుగా. మంగళవారం తెల్లవారుజామున. తొందరగా చెప్పండి."

సీతమ్మధార లైబ్రరీ వెబ్‌సైట్‌కి పొద్దున్నే వచ్చిన ప్రశ్న అది. అడిగినవాళ్ల పేరు లేదు. రోజారమణి చదివింది, టీ తాగింది.

పదకొండేళ్లుగా ఆవిడకి ఇదే పని. వచ్చిన ప్రశ్నని తెలిసినవాళ్లకి వినిపించడం, వాళ్లు చెప్పింది టైపు చేసి పంపడం. ఉక్కు సంగతులైతే కూర్మన్నపాలెం నీలకంఠం గారికి, కోర్టు గొడవలైతే భీమశంకరరావు గారికి. ప్రశ్నల వెనక మనుషులుంటారన్న సంగతి ఎప్పుడో మర్చిపోయింది. లేకపోతే ఈ ఉద్యోగం చెయ్యగలదా ఏమిటి!

సముద్రం ప్రశ్నలన్నీ వరహాలుకే. యాభై ఏళ్లు సముద్రంలో చేపల వేట చేసినవాడు. అక్షరం రాదు గానీ, నీటి పోకడ సొంత వాకిలంత ఎరుక. లైబ్రరీవాళ్లు తమ వరహాలుని సలహా అడుగుతారని జాలారిపేటంతా గొప్పగా చెప్పుకుంటుంది.

ఫోన్ చేసి ప్రశ్న చదివింది. అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"వరహాలు గారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. మంగళారమన్నారు గదా... ఇయ్యాల శుక్రారం. ఈ నెల్లో నీరు ఉత్తరానికి లాగుతాది. రేపు పొద్దున్నకి మంగమారిపేట రాళ్లకాడ తేల్తాడు. అక్కడ సూడమనండి."

"బతికుంటాడా అని మళ్లీ అడుగుతారు. అదీ చెప్పేయండి."

"నేదమ్మా. ఆశెట్టుకోవద్దనండి."

రోజారమణి టకటకా కొట్టేసింది.

"ఇంకో మాట రాయండమ్మా. ఆడికి పెళ్లాముంటే, ఆ పిల్లకి మాత్తరం ఇప్పుడే సెప్పొద్దనండి."

అదీ చేర్చి పంపేసింది. మనసులో ఏమీ కదల్లేదు. జాలి పడాలేమో అనుకుంది, రాలేదు. తర్వాతి ప్రశ్న తెరిచింది. మామిడి పూత రాలిపోతోందట, ఏం చెయ్యాలట.

మామిడి సంగతి ఎవరిని అడగాలా అని వెతుకుతుంటే, ఇందాకటి జవాబుకి తిరుగు జవాబు వచ్చింది.

"అందిందండి, మీ వరహాలు నాకు మావయ్యే, ఇంట్లో నాతోనేమో 'నీ మొగుడు రేపొచ్చేత్తాడమ్మా' అంటన్నాడు, అందుకే మీ చేత అడిగించాను."