పది కాదు

జెల్మా పదకొండో బంగాళాదుంప చెక్కు తీస్తోంది. వెనకాల ఆమె భర్త హిర్ష్ ఫోన్ చెవికి ఆనించుకుని మనుషుల్ని లెక్కపెడుతున్నాడు.

"ఒకటి కాదు, బెనో, నువ్వే. రెండు కాదు, మూడు కాదు, చేపల కొట్టు అన్నదమ్ములు. నాలుగు కాదు, పళ్ళ డాక్టరు..."

మనుషుల్ని నేరుగా లెక్కపెడితే దిష్టి తగులుతుందని హిర్ష్ వాళ్ళ అమ్మకి భయం ఉండేది. స్ట్రాండ్‌విక్ ఊళ్ళో యూదులందరిదీ అదే భయం. అందుకే ప్రతి అంకె పక్కనా ఒక 'కాదు' చేర్చి దిష్టి కళ్ళుగప్పుతారు.

"తొమ్మిది కాదు, నేను." హిర్ష్ ఆగాడు. "మరి ఇసాక్?"

"పొద్దున మెట్ల మీద మంచుకి జారాడండీ. కాలికి కట్టు కట్టి పడుకోబెట్టారు." బెనో గొంతు పెద్దది, వంటింట్లో అందరికీ వినపడుతుంది. "పక్క ఊరికి ఫోన్ చేశాను. రోడ్డు మూసేశారట. అందర్నీ ఇళ్ళలోనే ఉండమననా పెద్దాయనా?"

"పది నిమిషాలాగు," అని ఫోన్ పెట్టేశాడు.

పదిమంది మగవాళ్ళు లేనిదే వాళ్ళ గుడి, సినగాగ్‌లో, పోయినవాళ్ళ కోసం చదివే కద్దీష్ చదవకూడదు. హిర్ష్ వాళ్ళ అమ్మ పోయిన తిథి ఈ సాయంత్రం మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క ఏడాదీ తప్పకుండా ఆవిడ పేరున లేచి నిలబడి ఆ ప్రార్థన చదివాడు. నాలుగింటికి మొదలుపెట్టాలి. మూడు దాటింది, కిటికీ బయట అప్పుడే చీకటి పడుతోంది.

"నన్ను లెక్కపెట్టొచ్చుగా," అంది జెల్మా, దుంప మీంచి కళ్ళెత్తకుండా.

"మొదలెట్టావూ? ఆదివారం వోటు పెట్టుకున్నాం కదా. అప్పుడు చూద్దాం."

ఈ నెల కార్యక్రమాల కాగితం ఫ్రిజ్‌కి అంటించి ఉంది. రాసింది జెల్మాయే. గురువారం హాల్లో బంగాళాదుంప అట్లు, ఏప్రాన్ ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. శనివారం పిల్లల పాటలు. ఆదివారం కాఫీ తర్వాత వోటు: పదిమందిలో ఆడవాళ్ళని కలపాలా, వద్దా? హిర్ష్ చెయ్యి ఎటు లేస్తే మిగతావాళ్ళ చేతులూ అటే లేస్తాయి. అది ఎటు లేస్తుందో ఊరందరికీ తెలుసు.

"చూడ్డానికేముంది? ఆ రోజు నీ చెయ్యి జేబులోంచి బయటికే రాదు."

"మా నాన్న ఆడవాళ్ళని లెక్కపెట్టలేదు. మా తాతా పెట్టలేదు."

"మీ తాత ఇంట్లో ఫ్రిజ్ కూడా పెట్టలేదు. నువ్వు రోజుకి పదిసార్లు దాని తలుపు తీస్తావు."

హిర్ష్‌కి నవ్వు రాబోయింది. మింగేశాడు.

"మా అమ్మ రోజున వేళాకోళం చెయ్యకు, జెల్మా."

"మీ అమ్మ మాటే చెబుతున్నా. ముప్ఫై ఏళ్ళు ఆ వెనక బల్ల మీద కూర్చుంది. అందరికంటే ముందొచ్చి పొయ్యి రాజేసింది, గుమ్మం ముందు మంచు తోసింది. తొమ్మిదిమందే వచ్చిన రోజున మగాళ్ళంతా ఉసూరుమంటూ లేచిపోతే, దీపాలార్పి తాళం వేసింది ఎవరు? పదో మనిషి అక్కడే ఉంది హిర్ష్. మీకే కనపడలేదు."

హిర్ష్ కళ్ళు తలుపు వైపు తిరిగాయి. తలుపు పక్కన మేకుకి సినగాగ్ తాళంచెవి వేలాడుతోంది. గుర్తుండడానికి అమ్మ కట్టిన ఎర్ర ఊలు దారం దానికి ఇంకా ఉంది. వెలిసిపోయి ఇటుకరాయి రంగులోకి దిగింది.

జెల్మా పన్నెండో దుంప అందుకుంది. "నేను దుంపల్ని ఒకటి, రెండు అని లెక్కపెడతాను. మగాళ్ళని నువ్వు ఒకటి కాదు, రెండు కాదు అని లెక్కపెడతావు. నా దాకా వచ్చేసరికి ఆ 'కాదు' కూడా లేదు. నలభై రెండేళ్ళలో నా మొహం చూసి ఒక్కసారి 'కాదు' అన్నావా?"

"నిన్ను కాదని ఈ ఇంట్లో బతికి బట్టకట్టగలనా?" అని గొణిగాడు.

ఫోన్ మోగింది.

"హిర్ష్ గారూ, ఏం చెప్పమంటారు? చేపల కొట్టు వాళ్ళు బూట్లు తొడుక్కోవాలా విప్పాలా అని అడుగుతున్నారు."

"ఉండు. మళ్ళీ లెక్కపెట్టనీ."

"ఎన్నిసార్లు పెట్టినా అంతేగా!"

హిర్ష్ మొదటి నుంచీ అందుకున్నాడు. ఈసారి నెమ్మదిగా, పాఠం అప్పజెప్పేవాడిలా. నాలుగు కాదు. ఐదు కాదు. "ఎనిమిది కాదు, గడియారాల లెవిన్. తొమ్మిది కాదు, నేను."

అవతల బెనో నిట్టూర్చాడు. హిర్ష్ కళ్ళు ఎర్ర దారం మీంచి కదిలి, పొయ్యి దగ్గరికి వచ్చాయి. జెల్మా తల ఎత్తి చూస్తోంది. చేతులు తడి, బొటనవేలికి దుంప చెక్కు అంటుకుని ఉంది.

ఆమె మొహంలోకి చూస్తూ, "పది కాదు," అన్నాడు హిర్ష్.

"ఆఁ? పదోవాడు దొరికాడా? ఎవరండీ?" అని బెనో అరుస్తూనే ఉన్నాడు. జెల్మా సగం చెక్కిన దుంపని నీళ్ళలో వదిలి, చేతులు తుడుచుకుని కోటు తొడుక్కుంది. ఎర్ర దారం తాళంచెవి మేకు మీంచి తీసుకుని, ఇంట్లోంచి సినగాగ్ వైపు నడిచింది.