రోలాండ్ గురి

కూతుర్ని చేసుకుంటానంటూ వచ్చిన మనిషి మొహం వెర్నన్ స్టబ్స్‌కి అస్సలు నచ్చలేదు.

“మాట మంచిది. మర్యాద మంచిది. కానీ ఆ మొహం చూస్తే చాలు, ఎందుకో ఒళ్ళు మండుతుందే డార్లా!” అన్నాడు.

డార్లాకి నలభై దాటాయి. మొదటి భర్త పోయాక చాలాకాలం ఒంటరిగానే ఉంది. రోలాండ్ ఈమధ్యే ఊళ్ళోకొచ్చి పిల్లలకు పియానో నేర్పుతున్నాడు. మెత్తని మనిషి. ఇద్దరికీ మనసులు కలిశాయి. అయినా నాన్న సరేననందే పెళ్ళి మాట ఎత్తొద్దని డార్లా తేల్చి చెప్పింది. ఉపాయం కూడా తనే చెప్పింది.

“నాన్న ప్రతి శనివారం తుపాకీ క్లబ్బులో కాలుస్తాడు కదా, ఈ శని, ఆదివారాలు అక్కడే ఆత్మరక్షణ తుపాకీ క్లాసుకి వెళ్తున్నాడు. నువ్వూ చేరు. రెండు రోజులు పక్కన నిలబడి కాల్చావంటే మెత్తబడతాడు.”

అమెరికాలోని ఆ మిసోరీ రాష్ట్రంలో మామగారి మనసు గెలవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. చేపలు పట్టడం ఉంది గానీ, దాని కాలం ఇంకా రాలేదు.

శనివారం పొద్దున్నే రోలాండ్ డోనట్ల పెట్టెతో క్లబ్బులో అడుగుపెట్టాడు. మాటలు టక్కున ఆగిపోయాయి. చర్చిలో ఆర్గన్ వాయించి రిటైరైన లెనోరా గారి కుడిచెయ్యి దానంతటదే నడుం దగ్గరున్న గులాబీరంగు పిస్తోలు మీదికి పోయింది.

“అయ్యో, ఏమనుకోకు నాయనా!” అంటూ ఆవిడ నాలుక కరుచుకుంది. “నిన్నెక్కడో చూశాను. మంచి చోట మాత్రం కాదు.”

“పర్లేదండీ, నాకలవాటే.”

నిజంగానే అలవాటు. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ పచారీ కొట్లో, మంగలి షాపులో మగవాళ్ళు అతన్ని చూడగానే కాళ్ళు ఎడం చేసి, భుజాలు బిగించి నిలబడుతున్నారు. ఎందుకో వాళ్ళకీ తెలియదు. రోలాండ్ మాత్రం ఎవర్నీ అడగలేదు.

క్లాసు చెప్పేది హ్యాంక్. పోలీసు ఉద్యోగం వదిలినా విజిల్ వదల్లేదు. తొలిరోజు గుండ్రటి గుర్తుల మీద కాల్పించాడు. పియానో వేళ్ళు కదా, రోలాండ్ చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. గుళ్ళన్నీ నడిమధ్యన ఒకేచోట దిగాయి. వెర్నన్ ఓరగా చూశాడు.

తర్వాత దొంగ ఎదురైతే గట్టిగా అరవడం నేర్పారు. “ఆగు! కదలకు!” అని అందరూ గొంతు చించుకున్నారు. రోలాండ్ వంతు వచ్చింది.

“దయచేసి అక్కడే ఆగుతారా?” అన్నాడు.

అక్కడున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. వెర్నన్ కూడా నవ్వబోయి, దగ్గుగా మార్చుకున్నాడు. మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె పళ్ళెం తనే అతని ముందుకు తోశాడు. రోలాండ్ ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం వెళ్ళబోతుంటే హ్యాంక్, మర్నాటికోసం మూలన చుట్టిపెట్టిన గురి కాగితాలు విప్పి చూసుకుంటున్నాడు. “రేపు గుండ్రాలు కాదు, కత్తి పట్టుకున్న దొంగోడి బొమ్మ! మన పాతోడే!” అన్నాడు హుషారుగా. అటు చూసిన రోలాండ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆదివారం అతను టోపీ కనుబొమల దాకా లాక్కుని, నల్లకళ్ళద్దాలతో వచ్చాడు.

“మబ్బేసి ఉంటే అద్దాలేంటయ్యా?” అన్నాడు వెర్నన్.

“ఎండ పడదండీ.”

విజిల్ మోగింది. అందరూ కాగితం దొంగ గుండెల్లో తలో రెండు గుళ్ళు దించారు. రోలాండ్ గుళ్ళు వెనకున్న మట్టికట్టలోకి పోయాయి. మళ్ళీ కాలిస్తే కాగితం అంచు చిరిగింది. దొంగ మాత్రం చెక్కుచెదరలేదు.

“ఏమయ్యా, వాడు మీ చుట్టమా? తెగ మొహమాటపడుతున్నావ్!” అన్నాడు హ్యాంక్.

అందరూ నవ్వారు. వెర్నన్ నవ్వలేదు. తన పిస్తోలు బల్లమీద పెట్టి వచ్చాడు.

“నిన్న అంత గురి ఉన్నోడివి, ఇవాళేం మాయరోగం? రేపు నా కూతురింట్లోకి ఇలాంటోడు దూరితే ఏం చేస్తావ్? దయచేసి ఆగమంటావా?”

“డార్లా జోలికొస్తే నేను ఊరుకోనండీ. ఆ సంగతి వేరు.”

“అయితే వీణ్ణి కాల్చు. నుదుటి మీద. కాల్చావా, పెళ్ళి. లేదంటే నీ దారి నీది.”

రోలాండ్ పిస్తోలెత్తాడు. గురి కుదిరింది. డార్లా కళ్ళముందు మెదిలింది. ఒక్క వేలు నొక్కితే చాలు.

పిస్తోలు దించాడు. గుళ్ళు తీసి బల్లమీద పెట్టేశాడు.

“నావల్ల కాదండీ.”

హ్యాంక్ విజిల్ ఊది అందరి తుపాకులూ కింద పెట్టించాడు. రోలాండ్ నేరుగా నడిచి వెళ్ళి ఆ కాగితాన్ని ఊడదీశాడు. తెచ్చి వెర్నన్ చేతిలో పెట్టాడు. తర్వాత టోపీ తీశాడు. కళ్ళద్దాలు తీశాడు.

“నాటకాలాడే రోజుల్లోనండీ,” అన్నాడు తలొంచుకుని. “చేతిలో పని లేదు. కడుపులో ఆకలి. కత్తి పట్టుకుని నిలబడితే డబ్బులిస్తామన్నారు.”

వెర్నన్ కాగితం వంక చూశాడు. రోలాండ్ వంక చూశాడు. మళ్ళీ కాగితం వంక చూశాడు. వెనకనుంచి తొంగిచూసిన లెనోరా గారు “ఓరి దేవుడో!” అంటూ కుర్చీలో కూలబడింది.

ముసలాయన భుజాలు అదిరిపోతున్నాయి. వచ్చేది కోపమో మరేమిటో ఎవరికీ అంతుబట్టలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ తీసి కూతురికి చేశాడు.

“డార్లా, ఏళ్ళ తరబడి ప్రతి శనివారం నేను కాల్చి చంపుతున్న ఆ కాగితం దొంగ ఫోటో మన రోలాండ్‌దేనట, పాపం! ఇవాళ భోజనానికి తీసుకొస్తున్నా, అల్లుడికి కూడా ఓ కంచం పెట్టు!”