రెండో సమీక్షకుడు

“వ్యాసం మళ్ళీ తిరగ్గొట్టారు సార్.”

ఆ మాట అని, మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసంతో కుర్చీలో కూలబడింది కాంట్రాక్టు లెక్చరర్. ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్ ఆమె చేత పీహెచ్‌డీ చేయించిన మనిషి. ఒకే గదిలో రెండు తరగతులకు ఒకే టీచరు పాఠం చెప్పే బడుల మీద దేశం మొత్తంలో పరిశోధన చేసేది వీళ్ళిద్దరే. ఇంకెవరికీ ఆ పిచ్చి పట్టలేదు.

నాలుగేళ్ళు ముప్ఫై ఒక్క బడి తిరిగింది ఆమె. పిల్లాణ్ణి అత్తగారి దగ్గర వదిలి, ఆవిడ సణుగుడు వెళ్ళేటప్పుడోసారి, వచ్చాక ఇంకోసారి భరించింది. ఈ నెలాఖరులోగా విదేశీ జర్నల్ వాళ్ళు ఒక్క వ్యాసమైనా ఒప్పుకోకపోతే ఉన్న ఉద్యోగం కాస్తా ఊడుతుంది. వాళ్ళేమో వచ్చిన వ్యాసాన్ని ఇద్దరు సమీక్షకులకి చూపించి, వాళ్ళ పేర్లు బయటపెట్టకుండా తీర్పు మాత్రం పంపుతారు.

“ఇంతకీ ఏమన్నారు?” ఫ్లాస్కులోంచి టీ వంచి ఆమె ముందు పెట్టాడాయన.

“మొదటి సమీక్షకుడు బాగుంది, వేసుకోమన్నాడు. రెండోవాడే సార్... ఇదంతా ఒక్క దేశం గోల, మిగతా ప్రపంచానికి దీంతో ఏం పని అన్నాడు.”

“మన మొహాలకి అంతేనమ్మా.”

“ఇంకా ఉంది. ఇలాంటి దేశాల్లో...”

“టీచర్లు చెప్పే హాజరు లెక్కల్ని నమ్మలేం, అనుంటాడు,” అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆమె కాగితంలోంచి తలెత్తింది. “అచ్చం అదే! మీకెలా తెలుసు?”

“ఈ జుట్టు ఊరికే తెల్లబడిందా? ముప్ఫై ఏళ్ళలో నావి పదకొండు వెనక్కొచ్చాయి. పడింది ఒక్కటి. వాళ్ళు పాడే పాట ఒకటే, వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది.”

ఆమెకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది. అసలు టీచర్లని అడిగిందెవరు? బల్లబల్లకీ వెళ్ళి తనే తలలు లెక్కపెట్టింది. ఆ సంగతి మూడో పేజీలోనే రాసింది. చదివిన పాపాన పోతే కదా!

“ఎడిటర్‌కి ఉత్తరం రాస్తాను సార్.”

“వద్దమ్మా. ఏమని రాస్తావ్?”

“వాడికి మా దేశమంటే చులకన అని. మా బడుల మొహం ఎరిగినవాళ్ళెవరికైనా చూపించమని.”

“గొడవలమారి అని పేరు పడుతుంది. ఇంకెప్పుడూ నీ వ్యాసం ముట్టుకోరు. నా మాట విని వదిలెయ్. ఇక్కడి పత్రికకే పంపుకో.”

“ఇక్కడి పత్రిక ఉద్యోగం నిలబెట్టదు కదా సార్.”

ఆయన నిట్టూర్చి పరీక్ష పేపర్ల కట్ట ముందుకు లాక్కున్నాడు. ఆయన మాట ఆమె జవదాటడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే రాసేసింది.

నాలుగో రోజు జవాబొచ్చినప్పుడు కూడా ఆయన గదిలోనే ఉంది. ఫోన్‌లో తెరిచింది.

“ఏమంటాడు?” పేపర్లు దిద్దడం ఆపాడాయన.

“మీ బాధ అర్థమైంది అంటున్నారు.”

“అందరూ అలాగే మొదలెడతారు.”

“మాకు ఏ దేశమన్నా చులకన లేదు, మొదటి సమీక్షకుడైతే మీ దేశం మొహమే ఎరగడు, ఆయనే మిమ్మల్ని మెచ్చుకున్నాడు అని రాశారు.”

“మాటలకేం తక్కువ? తేల్చి చెప్పమను.”

“ఇద్దరూ చెరోమాట అన్నారు కాబట్టి మూడోవాళ్ళకి పంపాలంటే ఆర్నెల్లు పడుతుందట.”

“చూశావా? రాయొద్దన్నానా?” ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. “టీ తాగు తల్లీ, చల్లారిపోతోంది.”

ఆమె కప్పు అందుకోబోయి, ఉత్తరంలో మిగిలిపోయిన చివరి వాక్యం చదివింది.

‘మీకు అన్యాయం జరగకూడదనే రెండో సమీక్షకుణ్ణి మీ దేశం నుంచే ఎంచుకున్నాం.’