మీరడిగితే చదవను

"దయ్యాలూ లేవు, దేవుడూ లేడు, నోరు మూసుకుని పడుకో."

మసీదు పక్కన పిల్లలకి అరబ్బీ నేర్పే తరగతిలో, చచ్చిపోయాక సమాధిలో పడే శిక్షల గురించి చెబుతున్నారు. పిల్లలంతా బిక్కచచ్చిపోయారు. సోఫాలు కుట్టే అతని కూతురు మాత్రం లేచి నిలబడి, భయమేసినప్పుడు తమ ఇంట్లో ఇలా అంటారని చెప్పింది. ఎవరంటారని అడిగితే పెదవి బిగించింది. ఎంత గద్దించినా చెప్పలేదు.

అడగాల్సిన పనేముంది? ఆ ఇంట్లో మగాడు ఒక్కడే.

సాయంత్రానికి ఇమాం గారు పిల్ల మేనమామని వెంటబెట్టుకుని వచ్చారు.

పిల్ల తండ్రి ముందుగదిలో నేలమీద కూర్చుని, నోట్లో మేకులు పెట్టుకుని, కుర్చీకి రెగ్జిన్ బిగిస్తున్నాడు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు కూర్చుని నమాజు చేసుకునే మసీదు కుర్చీలవి. గదంతా స్పాంజి ముక్కలు, జిగురు వాసన. సోఫా మీది గుడ్డపీలికలు పక్కకి నెట్టి కూర్చోమన్నాడు. ఇద్దరూ కూర్చోలేదు.

"ఆ మాట నీదేనా?" ఇమాం గారు సూటిగా అడిగారు.

అతను మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. "నా ఇంట్లో అన్న మాట నాది కాక ఎవరిదవుతుంది?"

"చూశారా పొగరు!" అన్నాడు బావమరిది.

ఇమాం గారు కోప్పడలేదు. ఆ పాప పుట్టినప్పుడు చెవిలో అజాన్ వినిపించింది ఆయనే.

"శుక్రవారం తప్ప మసీదులో కనపడవు. ఇంట్లో నమాజు చదువుకుంటున్నావులే అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. తెలియక నమ్మనివాడి సంగతి వేరు. అన్నీ తెలిసి కాదన్నవాడు, మనసు మార్చుకోకపోతే వాడికి క్షమాపణ లేదయ్యా. నిప్పుల్లోకి నడుస్తున్నవాణ్ణి చూస్తూ ఎలా ఊరుకోను? మా ఇద్దరి ముందు ఒక్కసారి కలిమా చదువు. అల్లా తప్ప వేరే దేవుడు లేడని నీ నోటితో అను. తప్పయిందను. ఇక్కడితో మర్చిపోతాను."

"చదవను."

"ఏం?"

"మీరడిగారు కనక. గుమ్మంలో నిలబడి బలవంతంగా చెప్పించే మాటా అది?"

బావమరిది ఇక ఆగలేకపోయాడు. వంటగది వైపు తిరిగి కేకేశాడు. "చెల్లీ! బట్టలు సర్దుకో. మతం వదిలినవాడితో నికా నిలవదు. ఈ క్షణం నుంచి ఈయన నీకు పరాయి మగాడు."

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "అన్నయ్యా, అసలు ఆ మాట..."

"నువ్వు లోపలికెళ్లు!" అతను అరిచాడు. పెళ్లయ్యాక ఆమె మీద కేకలెయ్యడం అదే మొదటిసారి. "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, చూసుకో."

"నోరు కూడా ఎత్తనివ్వడు," అన్నాడు బావమరిది ఇమాం గారితో. "ఇన్నేళ్లూ ఎలా వేగిందో పిచ్చిది!"

ఆమె లోపలికి వెళ్లలేదు. వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"నేను రాను."

"రాకపోతే మళ్లీ అమ్మ గడప తొక్కకు. అమ్మే చెప్పమంది."

ఆమె చేత్తో గోడ పట్టుకుంది. "అమ్మతో చెప్పు, నేను నమ్మింది ఈయన్ని. ఆ నమ్మకం పోయిన రోజున నేనే వస్తాను. నువ్వు పిలవక్కర్లేదు."

"ఇతను పోతే జనాజా నమాజు చదివించేవాడుండడమ్మా," అన్నారు ఇమాం గారు. "ఖబరస్తాన్‌లో ఆరడుగుల నేల కూడా ఇవ్వరు. తెలిసే అంటున్నావా?"

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "పోయాక సంగతి కదా ఇమాం గారూ, నిదానంగా చూసుకుందాం. ముందు ఈ కుర్చీకి రెండు మేకులు కొట్టనివ్వండి. పెద్దవాళ్లు పడిపోతారు."

ఇమాం గారు తల అడ్డంగా ఊపారు. "అక్కర్లేదు. ఆ కుర్చీలు ముట్టుకోకు. రేపట్నుంచి ఈ వీధిలో నీకు సలాం చెప్పేవాడుండడు. పనిచ్చేవాడూ ఉండడు. పాపని తరగతికి పంపకు." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా చేత ఇంత మాట అనిపించావు."

"మీరన్నారు. నేను విన్నాను. నా మాట మాత్రం మారదు."

బావమరిది కుర్చీలు ఒక్కొక్కటే వీధిలోకి విసిరినంత పనిచేశాడు. సగం బిగించిన రెగ్జిన్ గాలికి టపటపా కొట్టుకుంది. ఎదురింటి కిటికీ తలుపులు చప్పుడుతో మూసుకున్నాయి. పొద్దున దాకా పరాచికాలాడిన కిరాణా కొట్టతను తల తిప్పుకున్నాడు. అతను మాత్రం వీధి మొత్తానికీ తన ముఖం బాగా కనపడేలా గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు తలుపేశాడు.

ఆమె చెల్లాచెదురైన మేకులు ఏరుతూ ఏడుస్తోంది. "పని లేకపోతే ఎలా బతుకుతాం?"

"ఈ వీధి కాకపోతే ఇంకో వీధి. సోఫాలు చిరగని ఊరెక్కడైనా ఉందా?"

ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

మసీదు మైకులో అజాన్ మొదలైంది. అతను పెరట్లోకి వెళ్లి, చేతులకంటిన జిగురు వదిలేదాకా రుద్దుకున్నాడు.

తిరిగొచ్చి అతను ఎప్పటిలాగే చాప పరుచుకుని నమాజుకి నిలబడగానే, ఆ ఇంట్లో దేవుడు లేడనే ఒకే ఒక్క మనిషి పాపని ఒళ్లోకి లాక్కుని, "ష్... నాన్న నమాజులో ఉన్నారు, అల్లరి చేయకు" అంటూ కొంగుతో దాని నోరు మూసింది.