రెండు డిగ్రీలు

"ఆ మూల ఇంకోసారి చూడమ్మా. ఎక్కడో సందు ఉండే ఉంటుంది."

ఇంజినీరమ్మ స్టూలెక్కి, ఆర్పిన అగ్గిపుల్లను కిటికీ అంచు వెంట నడిపింది. పొగ ఎటూ వంగకుండా నిటారుగా పైకి పోయింది. గాలి చొరబడే సందు లేదని అర్థం. పొద్దుటి నుంచి ఇది పదకొండో అగ్గిపుల్ల.

"సందు లేదు బాబాయిగారూ," అంది దిగుతూ.

చిన్న బైండరు నమ్మలేదు. జిగురు గిన్నె తెచ్చి పుల్లతో కెలికి చూపించాడు. "ఇది చూడు, ముద్దకట్టింది. ఈ చలికి కాగితం పట్టడం లేదు. పోయిన వారం ఒక బడికి రెండు వందల పుస్తకాలు కట్టి పంపితే, తెరవగానే పేజీలు రాలాయట. అన్నీ వెనక్కొచ్చాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే షాపు మూసుకోవడమే."

గోడ మీద థర్మామీటరు పద్నాలుగు చూపిస్తోంది. నిరుడు చలికాలమంతా పదహారుకు తగ్గలేదు.

నాలుగేళ్ల కిందట ఈ బైండింగు షాపుకు ప్లాను గీసింది ఆమే. ఆమె మొదటి కట్టడం ఇది. పొయ్యి లేదు, హీటరు లేదు. లోపల పుట్టిన వేడి లోపలే ఉండేలా మందపాటి గోడలు, రెండు పొరల అద్దాల కిటికీలు. కప్పు మీది సోలార్ పలకలు ఏడాదిలో ఇచ్చే కరెంటు కటింగు మిషనుకూ దీపాలకూ సరిగ్గా సరిపోతుంది. అందుకే గుమ్మం పక్కన "బయటి కరెంటు సున్నా" అని ఇత్తడి బిళ్ల బిగించారు. పెద్ద బైండరు, అంటే ఈయన అన్నయ్య, షాపు తెరవగానే ముందు దాన్ని తుడిచేవాడు. వచ్చినవాళ్లకు పుస్తకాల కంటే ముందు దాన్నే చూపించేవాడు. నిరుడు చలికాలం చివర్లో ఆయన పోయాడు.

"పోనీ చిన్న హీటరు పెట్టుకుందామా?" అంది ఆమె.

"అప్పుడు ఆ బిళ్ల తీసెయ్యాలిగా?"

"తీసెయ్యాలి."

"అన్నయ్య బిళ్ల నేను తియ్యను." చిన్న బైండరు బల్ల ముందు కూలబడ్డాడు. అవతలి కుర్చీలో అట్టల కట్ట ఉంది. "తప్పు నీ కట్టడంలో లేదమ్మా. అన్నయ్యకేదో కిటుకు తెలుసు. ఏ మీట తిప్పేవాడో, ఏ తలుపు ఎప్పుడు మూసేవాడో."

"కిటుకులేం లేవండీ. గీసింది నేనే కదా."

"ఉంది. షాపు కట్టేటప్పుడు హీటరు కావాలని నేను గొడవపడ్డాను. 'చలి సంగతి నేను చూసుకుంటాలేరా' అన్నాడు. చూసుకున్నాడు కూడా. నిరుడు బయట బకెట్లో నీళ్లు గడ్డకట్టినా, ఇక్కడ నేను స్వెట్టరు వేసుకోలేదు."

"మరి అదేంటో మీరు అడగలేదా?"

"మాటలుంటేగా అడగడానికి. చేతికుట్టు మానేసి కుట్టుమిషను కొందామన్నాను. అన్నయ్యకు ముక్కు మీద కోపం. రెండు నెలలు ఈ బల్లకు అటు తను, ఇటు నేను. సూది నా పక్కనే ఉన్నా లేచి చుట్టూ తిరిగొచ్చి తీసుకునేవాడు కానీ నన్ను అడగలేదు. ఆ అలకలోనే ఒకరోజు గుండె ఆగిపోయింది." ఆయన జిగురు గిన్నెను పక్కకు నెట్టాడు. "నా మీద కోపంతోనే ఆ కిటుకు చెప్పకుండా పోయాడమ్మా."

ఇంజినీరమ్మ అగ్గిపెట్టెను సంచిలో పడేసింది. తనను జిగురు కోసం పిలిచాడనుకుంది. ఈయన పొద్దుటి నుంచి వెతికిస్తున్నది సందును కాదు, అన్నయ్య కోపాన్ని.

"నిరుటికీ ఇప్పటికీ గదిలో ఏమైనా మారిందా?" అని మెల్లగా అడిగింది.

"ఏం మారలేదు. అదే మిషను, అవే దీపాలు, అదే బల్ల. చీపురు కూడా అదే."

ఆమె సంచిలోంచి నాలుగేళ్ల నాటి కాగితం తీసింది. పైన తన చేతిరాతలోనే "గదిలో వేడి పుట్టించేవి" అని ఉంది. పెన్సిలుతో ఒక్కొక్కటీ టిక్కు పెడుతూ పైకి చదివింది.

"ఒకటి, దక్షిణం కిటికీలోంచి ఎండ. వస్తోంది. రెండు, కటింగు మిషను. తిరుగుతోంది. మూడు, దీపాలు. వెలుగుతున్నాయి."

పెన్సిలు ఆగిపోయింది.

"ఆగావేం? ఏం తగ్గింది? అన్నయ్య ఏం చేసేవాడు?"

ఆమె కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. చిన్న బైండరు కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా దాటుకుంటూ కిందికి వచ్చాడు.

నాలుగో వరుసలో "ఇద్దరు మనుషుల ఒంటి వేడి" అని రాసి ఉంది.