స్తంభం తీసే పద్ధతి

పెళ్లయిన ముప్పయ్యేళ్లకు ప్రొఫెసర్ భార్య చేతికి పెన్సిల్ ఇచ్చాడు.

"ఈ వయసులో నాకు అక్షరాలేమిటండీ? నలుగురూ నవ్విపోతారు."

"రేపు నీ పేరున కాగితమేదైనా వస్తే ఎవరిచేత చదివించుకుంటావు?"

"మీరు లేరా?"

ఆయన కాగితం ముందుకు జరిపాడు. 'అ' దిద్దించాడు.

బాంబు పేలినా భవనం ఎలా నిలబడుతుందన్నదే ఆయన జీవితమంతా చేసిన పరిశోధన. పేలుడు చంపేది కొందరినే, కూలిన కప్పు చంపేది అందరినీ అంటాడు. ఒక స్తంభం పోతే దాని బరువు మిగతావి మోయాలి. ల్యాబ్‌లో స్తంభాన్ని ఒక్కసారిగా లాగేయరు. దాని చోట జాకీ పెట్టి, కొద్దికొద్దిగా దించుతూ, పక్క స్తంభాలు బరువు అందుకుంటున్నాయో లేదో చూస్తారు.

ఇంట్లోనూ అదే మొదలైంది. గ్యాస్ బుక్ చేయడం ఆమె వంతైంది. తర్వాత ఫ్యూజు వేయడం, ప్లంబరుతో మాట్లాడడం, ఒంటరిగా బస్సెక్కి ఆఫీసులకు వెళ్లడం. తడబడితే ఆయన పక్కన నిలబడి చూశాడే గాని, చెయ్యి వేయలేదు.

పైగా మనిషి చిక్కిపోయాడు. బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పడ్డాయి. వారానికి రెండు రోజులు "పరీక్షలున్నాయి" అని వెళ్లేవాడు.

ఆమె అక్క దగ్గర బావురుమంది.

"ఎంత ద్రోహం చూడక్కా! ఇన్నేళ్లు కాపురం చేసి, జబ్బు సంగతి నా దగ్గరే దాస్తాడా?"

"అడక్కపోయావా?"

"అడిగితే, పరీక్షలు బాగానే వచ్చాయంటాడు. మొహంలో నీరసం కనబడకూడదని జుట్టుకు రంగు కూడా వేశాడు."

"మేకు కొట్టడానికీ లెక్కలు వేసే మనిషి మీ ఆయన. తను పోయాక నువ్వు దిక్కులు చూడకూడదని తాపత్రయం. ఏడవకే, పిచ్చిదానా."

కోపం పోలేదు గాని, ఆమెకు పంతం వచ్చింది. ఆయన కళ్లు మూసేలోగా గడగడా చదివి వినిపించాలి. సబ్బు కాగితాలు చదివింది. బస్సు బోర్డులు చదివింది. మూడు నెలలకు, ఒక సాయంత్రం, పేపర్లో వార్త ఒకటి ఎక్కడా ఆగకుండా చదివేసింది.

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇక నేను లేకపోయినా ఈ ఇల్లు కూలదు."

"చాల్లెండి, పాడుమాటలు!" అని ఆమె ఆయన నోరు మూసింది.

మర్నాడు పరీక్షలకని చిన్న పెట్టె పట్టుకుని వెళ్లాడు. వారమైనా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆమె రెండు ఆస్పత్రులు తిరిగింది, గుమ్మాల మీద వార్డుల పేర్లు తనే చదువుకుంటూ. తొమ్మిదో రోజు పోస్ట్‌మ్యాన్ ఆమె పేరున కవరు తెచ్చాడు.

"చదివి పెట్టనా అమ్మా?"

"అక్కర్లేదు బాబూ. మా ఆయన నేర్పారు."

కవరు చింపి, కాగితం మీద వేలు పెట్టి, ఆమె మొదటి వరుస కూడబలుక్కుంది: "వి... డా... కు... ల... నోటీసు."